ధమని గాయం మానడంలో నరాల పాత్ర

సంపాదకులకు,

అయ్యా,

ఇరుకైన ధమనిని బెలూన్‌తో వెడల్పు చేసే యాంజియోప్లాస్టీ చికిత్సపై పత్రికల ఆరోగ్య పేజీల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ధమనిని పూడిక తీయవలసిన నీటిగొట్టంలాగే వర్ణిస్తున్నాయి. ధమని గోడ ప్రాణమున్న కణజాలం. దాని కండర పొరకూ వెలుపలి పొరకూ నడుమ సన్నని నరాలు వలలా అల్లుకుని ఉంటాయి. బెలూన్ వల్లనో శస్త్రచికిత్స వల్లనో గోడకు గాయమైతే అది మానే తీరులో ఆ నరాలకూ పాత్ర ఉంది.

1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ గుండె ధమనిని తొలిసారి బెలూన్‌తో తెరిచాడు. స్టెంట్లు రాకముందు, అలా తెరిచిన ధమని సుమారు మూడో వంతు మందిలో కొద్ది నెలలకే మళ్లీ ఇరుకయ్యేది. కండర కణాలు లోపలి పొరలోకి చేరి పెరగడం, గోడ మొత్తంగా కుంచించుకుపోవడం అందుకు ప్రధాన కారణాలు. మన ప్రమేయం లేకుండానే పనిచేస్తూ రక్తనాళాలను బిగించే సింపథెటిక్ నరాలు విడుదల చేసే నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనం ఆ కణాల పెరుగుదలను ప్రేరేపిస్తుందనీ, నొప్పిని గ్రహించే నరాల నుంచి వెలువడే సీజీఆర్‌పీ అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ లాంటి పదార్థం) దాన్ని అదుపు చేస్తుందనీ ప్రధానంగా జంతువులపై, కణాలపై జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి.

అంతమాత్రాన సింపథెటిక్ నరాలను తొలగిస్తే ధమనికి మేలే అనుకోవడం తొందరపాటు. కాళ్లకు రక్తప్రసరణ పెంచాలని నడుము వద్ద ఆ నరాలను కత్తిరించిన రోగుల్లో, మధుమేహం లేనివారిలో సైతం, ఆ వైపు కాలి ధమనుల కండర పొరలో సున్నం పేరుకున్నట్లు 1983లోనే నమోదైంది.

మన మధుమేహ రోగులకు ఇది దూరపు విషయం కాదు. నరాలు దెబ్బతిన్న కాళ్లలోనూ ధమనులు ఇలాగే గట్టిపడుతుంటాయి. అలాంటి ధమని రక్తపోటు కొలిచే పట్టీ బిగించినా నొక్కుకుపోదు కనుక, పాదానికి రక్తం చాలినంత అందకపోయినా చీలమండ వద్ద రక్తపోటు సరిగ్గా ఉన్నట్లో, ఉండవలసినదానికన్నా ఎక్కువగానో కనబడుతుంది. కాలి బొటనవేలి వద్ద కొలిస్తే అసలు స్థితి చాలావరకు బయటపడుతుంది. పాదంలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగికి చీలమండ కొలత ఒక్కటే చాలదన్న సంగతిని, పాద సంరక్షణపై ఇకముందు వేసే వ్యాసాల్లో వైద్యుల చేత వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు