చర్చి హాలుకు ఆదివారం తప్ప తాళమేనా?

సంపాదకుడు గారికి,

ఒంగోలు చుట్టుపక్కల ఏ క్రైస్తవ సంఘం పండుగకు వెళ్లినా, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర పేరు వినబడుతుంది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు జరిగింది ఎవరూ పెద్దగా చెప్పరు. 1876–78 నాటి ధాత కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలే ఆపేశారు.

మొన్న మా వీధిలో పక్షవాతం వచ్చిన ఒకాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వీల్‌చెయిర్ కోసం ముగ్గురం ఊరంతా తిరిగాం. దొరక్క, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఆటో దాకా మోశాం. ఆ ఆదివారమే మా చర్చిలో కొత్త సౌండ్ బాక్సులకు చందాలు రాయించారు. నేనూ రాశాను, కాదనను.

రెండు వీల్‌చెయిర్లు, ఒక ఆస్పత్రి మంచం కొని చర్చిలో ఉంచితే అవసరమైనవాళ్లు పట్టుకెళ్లి మళ్లీ తెచ్చి ఇస్తారు. ఏ మతమని అడగొద్దు, చేతిలో కరపత్రం పెట్టొద్దు. ఫ్యాన్లు, లైట్లు ఉన్న చర్చి హాలుకు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది. టీవీ మోగే ఒంటిగది ఇళ్లలో టెన్త్ పిల్లలు పుస్తకం పట్టుకోలేక బయట మెట్ల మీద కూర్చుంటున్నారు. రిటైరైన టీచర్లు, నర్సులు లేని సంఘం మా వైపు అరుదు. పింఛను కాగితాలు నింపడానికి, బీపీ చూడడానికి వాళ్లు చాలు. పల్లెల్లో పాస్టర్లకు జీతమే సరిగా అందదు, ఇది కూడా వాళ్ల నెత్తిన వేయొద్దు.

డబ్బు ఎక్కడిదంటారు. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేసేది, ఆదివారం చర్చికి ఇచ్చేది. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ డబ్బా ఉంది. నెలలో ఒక ఆదివారం బియ్యం ఈ పనికి కేటాయిస్తే సరి.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా హాలు తెరిచి పిల్లల దగ్గర నేను కూర్చుంటానని కమిటీకి రాసిచ్చాను. తాళంచెవి ఇంకా నా చేతికి రాలేదు.

— ఒక సంఘ సభ్యుడు, ఒంగోలు