ఫైలు మీ దగ్గరుంటే డెమరేజీ నాకెందుకు? కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

వరంగల్ ములుగు రోడ్డులో ఒక షట్టర్‌లో నాది చిన్న దుకాణం. రైస్ మిల్లుల్లో వాడే సార్టెక్స్ మిషన్లకు స్పేర్లు తెప్పించి అమ్ముతాం, రిపేర్లు చేస్తాం. నేను, ఇద్దరు మెకానిక్‌లు, లెక్కలు చూసే మా ఆవిడ, ఇదే మా కంపెనీ. బయటి దేశం నుంచి తెప్పించిన సరుకును కస్టమ్స్ వాళ్లు ప్రశ్నలడిగి ఆపితే, ఆ రోజులకు కార్గో టెర్మినల్ వేసే నిల్వ అద్దె, అంటే డెమరేజీ, నా మీద పడింది. కస్టమ్స్ మీ శాఖ కిందికే వస్తుంది కాబట్టి మీకు రాస్తున్నాను. ఇంతకుముందు పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. పరిష్కారమైంది అని మెసేజ్ వచ్చింది, ఏం పరిష్కారమైందో మాత్రం అందులో లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేటట్టు రాస్తున్నా.

ముందు ఈ మిషన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మొత్తం గొడవ దాని చుట్టే. సార్టెక్స్ అనేది అసలు ఒక బ్రాండు పేరు. కానీ మా వైపు ఏ కంపెనీ కలర్ సార్టర్‌నైనా సార్టెక్స్ అనే అంటారు, ఎక్కడ కాపీ తీయించినా జిరాక్స్ అన్నట్టు. పై నుంచి బియ్యం చ్యూట్ (వాలుగా ఉండే జారుడు పలక) మీద జారుతుంటే కెమెరాలు గింజ గింజనూ చూస్తాయి. నల్ల గింజో, పసుపు గింజో, రాయో కనబడగానే ఎజెక్టర్ వాల్వు తెరుచుకొని ఫట్‌మని గాలి కొడుతుంది, ఆ గింజ ఎగిరి రిజెక్షన్‌లో పడుతుంది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయే పని ఇది. ఒక్కో చ్యూట్‌కు ఇలాంటి వాల్వులు 60 పైనే ఉంటాయి. కంప్రెసర్ గాలిలో తేమో నూనో వచ్చిందంటే వాల్వులు పాడవుతాయి, పాడైన వాల్వు మంచి బియ్యాన్ని కూడా రిజెక్షన్‌లోకి తన్నేస్తుంది.

మంచి బియ్యం రిజెక్షన్‌లో పోతే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. సర్కారు క్వింటాల్ వడ్లు ఇస్తే మిల్లరు 67 కిలోల బియ్యం తిరిగి పెట్టాలి, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు. వాల్వు లీకయిందని ఎవరూ ఒక కిలో తగ్గించరు. కాబట్టి కరీంనగర్ నుంచో పెద్దపల్లి నుంచో మిల్లరు ఫోన్ చేసి "తమ్మీ, వాల్వులు ఇయ్యాల కావాలె" అన్నాడంటే ఆయనకు నిజంగానే ఆ రోజే కావాలి.

ఆ వాల్వులు ఎక్కడివంటే చైనాలో ఆన్‌హుయ్ రాష్ట్రంలోని హెఫెయ్ ఊరివి. కలర్ సార్టర్ కంపెనీలు పెద్ద ఎత్తున ఉన్నది అక్కడే. "చైనా నుంచి ఎందుకు, ఇక్కడే చేయొచ్చు కదా" అని అడిగేవాళ్లు ఈ లేఖ కింద తప్పకుండా వస్తారు, వాళ్లకు ఇప్పుడే చెప్తున్నా: చేసి చూశాం. ఆటోనగర్‌లో ఒక లేత్ మిషన్ ఆయన నాజిల్ ప్లేట్లు నాకు చేసిస్తాడు, ఒరిజినల్ కంటే గట్టిగా ఉంటాయి, వాటిని నేను బయటి నుంచి తెప్పించడం మానేసి రెండేళ్లయింది. వాల్వు బాడీ కూడా చేశాడు. లోపలి కాయిల్, డయాఫ్రం దగ్గర పని ఆగిపోయింది, సెకనులో వెయ్యో వంతు లెక్కల్లో తెరుచుకొని మూసుకోవాలి మరి. మన దేశంలో తయారయ్యే సార్టర్లు కూడా ఉన్నాయి, నేను కాదనను. కానీ మా మిల్లుల్లో ఇప్పటికే బిగించి ఉన్న చైనా మిషన్‌కు వేరే కంపెనీ వాల్వు పట్టదు, లక్షలు పోసి కొన్న మిషన్‌ను వాల్వు కోసం ఎవరూ పారేయరు.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది, దాచను. ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్ కోసం 500 రూపాయలు కట్టి ఇంట్లో కూర్చొని అప్లై చేశాను, ఏ ఆఫీసు మెట్టూ ఎక్కకుండా వచ్చేసింది. దాన్ని ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఒకసారి కన్ఫర్మ్ చేయాలని మరిచిపోయి డీయాక్టివేట్ చేయించుకున్నది నా తప్పే. సుంకం మీద కూడా నాకు గొడవ లేదు. మా కాగితంలో పడిన లెక్క ఇది: బేసిక్ డ్యూటీ 7.5%, దాని మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, వీటన్నిటినీ సరుకు విలువతో కలిపి ఆ మొత్తం మీద 18% ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. వంద రూపాయల సరుకుకు దాదాపు 27 రూపాయల 74 పైసలు కట్టాలి. అందులో ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా తిరిగొస్తుంది, మిగతా 8 రూపాయల పావలా రాదు. సరే, దేశానికి కడుతున్నాం. (ఈ మిల్లు మిషన్ల మీద జీఎస్టీని 2022 జులై 18 నుంచి 5% కాస్తా 18% చేశారు, క్రెడిట్ వచ్చేదాకా ఆ డబ్బు మాలాంటి వాళ్లకు ఇరుక్కుపోతుంది. దాని మీద ఇంకో లేఖ రాయొచ్చు, ఇప్పుడు కాదు.)

అసలు విషయం పోయిన యాసంగి సీజన్‌ది. వడ్లు కల్లాల మీదకు వచ్చే టైమ్‌కు చేతిలో ఉండాలని ఎజెక్టర్ వాల్వులు, రెండు కెమెరా బోర్డులు, కొన్ని ఎల్ఈడీ లైట్ బార్లు ఆర్డర్ పెట్టాను. ఓడలో వేస్తే ఎప్పటికి చేరుతుందో అని విమానంలో తెప్పించాను, ఖర్చయినా పర్వాలేదనుకొని. సరుకు బుధవారం శంషాబాద్ కార్గోలో దిగింది, అదే రోజు మా కస్టమ్స్ ఏజెంట్ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాల కాగితం, వేశాడు. అన్నిటినీ కస్టమ్స్ కోడ్ 8437 90 కింద, అంటే ధాన్యం సార్టింగ్ మిషన్ల పార్టుల కింద చూపించాం. అంతకుముందు ఏడాది ఇవే వాల్వులు, ఇదే కోడ్ మీద, ఒక్క ప్రశ్న లేకుండా బయటికొచ్చాయి.

శుక్రవారం సాయంత్రం క్వెరీ, అంటే కస్టమ్స్ ఆఫీసర్ ప్రశ్న, పడింది: వాల్వులను 8481 కింద, అంటే వాల్వులకున్న సొంత కోడ్ కింద ఎందుకు చూపించలేదు? శనివారం పొద్దున్నే జవాబిచ్చాం. మంగళవారం రెండో క్వెరీ: కెమెరా అని రాసి ఉంది, సీసీటీవీ కెమెరాలకు ఉండాల్సిన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఏది? మంత్రి గారూ, ఆ బోర్డు బియ్యం గింజను తప్ప దేన్నీ చూడదు. దాన్ని తీసుకెళ్లి మా హన్మకొండ చౌరస్తాలో పెట్టినా దొంగను పట్టదు, ఆ దొంగ చ్యూట్ మీద జారుతూ వస్తే తప్ప! సీసీటీవీల మీద భద్రత కోసం రూల్ గట్టిగా పెట్టారు, మంచిదే, కానీ అది నిఘా కెమెరాలకు పెట్టిన రూల్. హెఫెయ్ వాళ్లతో లెటర్ రాయించి, కేటలాగ్‌లో పేజీకి గుర్తు పెట్టి, నేనే మిల్లులో నిలబడి తీసిన మిషన్ వీడియో కూడా ఏజెంట్‌కు పంపాను. వీడియో అప్‌లోడ్ చేసే చోటు లేదన్నాడు, ఫొటోలు పీడీఎఫ్ చేసి పెట్టాం.

ఆ ఫైలు చూసే ఆఫీసర్ హైదరాబాద్‌లో లేరు. ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ కదా, అంటే ఎక్కడో ఉన్న ఆఫీసర్ ముఖాముఖి లేకుండా ఫైలు తేల్చే పద్ధతి, 2020 జూన్‌లో చెన్నై, బెంగళూరులో మొదలై అక్టోబర్ 31 నాటికి దేశమంతా వచ్చింది, మా బిల్లును ఏ ఊరి ఆఫీసర్ చూస్తున్నారో మాకు తెలియదు. దీని వెనక ఉద్దేశం నాకు అర్థమవుతుంది, ముఖం కనబడకపోతే చేయి చాచడం కూడా ఉండదు. నిజం చెప్పాలంటే నన్ను ఎవరూ ఒక్క రూపాయి అడగలేదు. కానీ జీవితంలో సార్టెక్స్ చూడని మనిషికి, చూపించే వీలే లేకుండా, నాలుగు లైన్లలో రాసి ఒప్పించాలంటే ఎట్లా? హైదరాబాద్‌లో తురంత్ సువిధ కేంద్రం, అంటే కస్టమ్స్ వాళ్ల సహాయ కేంద్రం, ఉందని వెళ్లాను. హన్మకొండలో తెల్లవారుజామున బస్సెక్కి ఉప్పల్‌లో దిగి అక్కడి నుంచి పోయేసరికి సగం రోజు గడిచింది. కాగితం తీసుకున్నారు, మర్యాదగానే మాట్లాడారు, "అసెస్‌మెంట్ మా చేతిలో లేదండీ" అన్నారు.

ఈ లోపల ఫోన్లు. జమ్మికుంట దగ్గర ఒక మిల్లరు మొదటి రోజు "ఏమాయె తమ్మీ" అన్నాడు, ఐదో రోజు "మిల్లు బందు పెట్టుకొని కూసున్నం" అన్నాడు, తొమ్మిదో రోజు ఫోనే చేయలేదు. ఇంకో చోట ఎక్కువ రేటుకు పాత వాల్వులు కొనుక్కున్నాడని తర్వాత తెలిసింది. ఆ టెన్షన్‌లో మా ఆవిడ నా ఫోన్ తీసి దాచిపెట్టింది ఒక పూట.

13వ రోజు సరుకు బయటికొచ్చింది. కెమెరా బోర్డుల మీద మా మాట ఒప్పుకున్నారు. వాల్వులు 8481లోకి మార్చారు. తర్వాత తీరిగ్గా టారిఫ్ నోట్ (సుంకం పట్టికలోని వివరణ) చదివితే, తనకంటూ సొంత హెడ్డింగ్, అంటే సొంత కోడ్ ఉన్న పార్టు ఆ హెడ్డింగ్‌లోకే పోవాలన్నట్టు ఉంది. అంటే వాల్వుల విషయంలో ఆ ఆఫీసర్ చెప్పిందే కరెక్టు కావచ్చు. ఆయన మీద నాకు కోపం లేదు. నేను ఒప్పుకోనని పట్టుబడితే, కారణాలు రాసి ఆర్డర్ ఇవ్వడానికి ఆఫీసర్‌కు చట్టం 15 రోజులు ఇచ్చింది. సీజన్ నడుమ 15 రోజులు పోట్లాడే ఓపిక ఎవరికుంటుంది, సంతకం పెట్టేశా.

ఇప్పుడు లెక్క చూడండి. 13 రోజుల్లో కాగితం నా చేతిలో ఉన్నది రెండంటే రెండు రోజులు. మిగతాదంతా ఫైలు మీ వైపే ఉంది. కానీ ఫ్రీ టైమ్ అయిపోయిన క్షణం నుంచి కార్గో టెర్మినల్ మీటర్ నా మీదే తిరిగింది, రోజులు పెరిగే కొద్దీ కిలోకు రేటు కూడా పెరుగుతూ. డెమరేజీ, ఏజెంట్ అదనపు ఫీజు, నా తిరుగుడు ఖర్చు కలిపి 16,400 రూపాయలు. కోడ్ మార్చినందుకు సర్కారుకు అదనంగా వచ్చింది అందులో నాలుగో వంతు కూడా లేదు. అటు ఖజానాకూ పోలేదు, ఇటు నాకూ మిగల్లేదు.

2009 నాటి కార్గో హ్యాండ్లింగ్ రెగ్యులేషన్స్‌లో ఒక మాట ఉంది: కస్టమ్స్ వాళ్లు సీజ్ చేసిన, డిటెయిన్ చేసిన, జప్తు చేసిన సరుకు మీద టెర్మినల్ వాళ్లు అద్దె గానీ డెమరేజీ గానీ వసూలు చేయకూడదు. అది కూడా ఎంతవరకు అమలవుతుందనే దాని మీద కేసులు కోర్టులదాకా పోయాయి, అది వేరే కథ. నా బాధ ఏంటంటే, క్వెరీలో ఆగిన సరుకు ఈ మూడింట్లో ఏదీ కాదు. సీజ్ చేయలేదు, డిటెయిన్ చేయలేదు, ఊరికే అడుగుతున్నారంతే. స్మగ్లింగ్ అనుమానంతో పట్టుకున్న సరుకుకు కాగితం మీదైనా ఉన్న రక్షణ, సందేహం తీర్చుకోవడానికి ఆపిన నా వాల్వులకు లేదు!

నేను అడిగేది ఇదే. క్వెరీ పడిన గంట నుంచి మేం జవాబిచ్చేదాకా మీటర్ మా మీద తిప్పండి, ఆలస్యం మాది. జవాబు పెట్టిన గంట నుంచి మళ్లీ మీ ఆఫీసర్ ఫైలు తెరిచేదాకా ఆపేయండి. ఎవరి దగ్గర ఎన్ని గంటలు ఉందో మీ సిస్టమ్‌లోనే టైమ్‌తో సహా రికార్డవుతుంది, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. అది కుదరదంటే, తేడా కోడ్ గురించి మాత్రమే ఉన్నప్పుడు, విలువ ఒక పది లక్షల లోపు ఉన్న చిన్న సరుకును మామూలు బాండ్ మీద వదిలేయండి, కోడ్ సంగతి తర్వాత తీరిగ్గా తేల్చుకుందాం. ప్రొవిజనల్ అసెస్‌మెంట్, అంటే సుంకం తాత్కాలికంగా లెక్కగట్టి సరుకు వదలడం, చట్టంలో ఇప్పటికే ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ నేను అడిగితే మా ఏజెంట్ నవ్వాడు, బ్యాంక్ గ్యారంటీకి తిరిగేలోపు క్వెరీయే తేలిపోతుందన్నాడు. ముందే అడ్వాన్స్ రూలింగ్, అంటే సరుకు తెప్పించకముందే కోడ్ తేల్చి ఇచ్చే తీర్పు, తెచ్చుకో అని ఇంకొకరు సలహా ఇచ్చారు. దరఖాస్తు ఫీజే 10,000, అథారిటీ ఉన్నది ఢిల్లీలో, ముంబైలో, తీర్పుకు మూడు నెలలు. కంటైనర్లకు కంటైనర్లు తెచ్చేవాళ్లకు అది లెక్కలోకి రాదు. ఏడాదికి మూడు పెట్టెలు తెప్పించే నాకు వస్తుంది.

ఇంకోటి, ఆ క్వెరీ భాష. "8481 కింద ఎందుకు చూపించలేదు, ప్లీజ్ క్లారిఫై" అన్నట్టు ఒక్క లైను పడేస్తే ఏం క్లారిఫై చేయాలి? ఏ నోట్ ప్రకారం, ఏ కాగితం పెడితే సరిపోతుంది అని మొదటిసారే రాస్తే ఆ శనివారమే నేను వాల్వులు 8481లో వేసుకోండని ఒప్పుకునేవాణ్ని. రెండు ప్రశ్నలనూ ఒకేసారి అడిగినా నాలుగు రోజులు మిగిలేవి.

వానాకాలం వడ్లు మళ్లీ అక్టోబర్ చివర్లో మొదలవుతాయి. అక్టోబర్ 1 నుంచి చైనాలో వారం రోజులు సెలవులు, కాబట్టి సెప్టెంబర్ మొదట్లోనే నేను ఆర్డర్ పెట్టాలి. వాల్వులు 8481లోనే వేస్తాను, అది నేర్చుకున్నాను. కెమెరా బోర్డు ఈసారి కొత్త ఆఫీసర్ దగ్గర పడుతుంది, పోయినసారి మీవాళ్లే ఒప్పుకున్న కాగితం జతచేస్తే చాలునా, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలా? కనీసం ఈ ఒక్కదానికి ఆగస్టు లోపు జవాబు వస్తే, జమ్మికుంట మిల్లరుకు ఫోన్ చేసి ఒక తేదీ చెప్తాను.

ఇట్లు,
సార్టెక్స్ స్పేర్లు అమ్ముకునే ఒక దుకాణదారు,
ములుగు రోడ్డు, వరంగల్