బీరువా తాళం తీయించండి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

మా ఊరి ఉన్నత పాఠశాలలో, పిల్లల స్థాయిని బట్టి పాఠాలు చెప్పే ట్యాబ్‌లు బీరువాలోకి చేరి ఎనిమిది నెలలైంది. తల్లిదండ్రుల కమిటీ సభ్యుడిగా నేనిచ్చిన మూడు అర్జీలకూ జవాబు రాలేదు కనుక, ఈ విషయం నలుగురి ఎదుట విన్నవించవలసి వస్తోంది.

మా అమ్మాయి ఏడో తరగతి. పుస్తకంలో భిన్నాలు నడుస్తుండగా, ట్యాబ్ ఆమె తప్పులను బట్టి వెనక్కి వెళ్లి, 403 లోంచి 178 తీసివేయమని అడిగింది. మధ్యలో సున్నా ఉంటే పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం తనకు రాదని అప్పటిదాకా మాకూ తెలియదు. మూడు వారాల్లో నేర్చుకుంది. ఇంతలో ఛార్జర్లు పాడయ్యాయి, బీరువాకు తాళం పడింది. ఇప్పుడు లెక్కల పీరియడ్ వస్తే చివరి బెంచీలోకి జరుగుతోంది. నలభై మందికి ఒక్కరే ఉన్న ఉపాధ్యాయుణ్ణి నేను తప్పుపట్టను.

ఢిల్లీలో, పిల్లల స్థాయికి తగ్గట్టు కంప్యూటర్‌తో పాఠాలు చెప్పే మైండ్‌స్పార్క్ కేంద్రాలపై జరిగి, 2019లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో వెలువడిన అధ్యయనంలో, లాటరీలో ఉచిత ప్రవేశం దక్కిన పిల్లలు నాలుగున్నర నెలల్లోనే గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (మార్కుల్లో పిల్లల మధ్య ఉండే తేడాను కొలిచే ప్రమాణం) మేర, ప్రవేశం దక్కనివారి కంటే ముందుకు వెళ్లారు. అక్కడ కంప్యూటర్‌తో పాటు చిన్న బృందాలకు బోధకుడి సాయమూ ఉందన్నది మరువరానిది.

కాబట్టి పదిహేను రోజుల్లో ఛార్జర్లు మార్పించి, వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్‌లో చేర్పించి, వాటి బాధ్యతను ఒక ఉపాధ్యాయుడికి అప్పగిస్తూ లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఏడో తరగతి విద్యార్థిని తండ్రి