‘రాస్వెల్’ చర్చకు ముందు ఒక విన్నపం

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం మనం చర్చించబోయే ‘రాస్వెల్’ ధారావాహిక 1999 అక్టోబరులో అమెరికాలోని డబ్ల్యూబీ ఛానెల్‌లో మొదలై, చివరి సీజన్‌కు యూపీఎన్ అనే మరో ఛానెల్‌కు మారి, 2002లో ముగిసింది. మొదటి ఎపిసోడ్‌లో, కేఫ్‌లో తుపాకీ గుండు తగిలి పడిపోయిన బడి విద్యార్థిని లిజ్‌ను తోటి విద్యార్థి మాక్స్ అరచేయి ఆనించి బతికించే సన్నివేశాన్ని దయచేసి రెండుసార్లు చూడండి. ఆ ఒక్క స్పర్శతో అతను గ్రహాంతరవాసి అన్న రహస్యమూ, ఆమెపై అతనికున్న ప్రేమా కలిసే బయటపడతాయి. ఎవరికీ చెప్పుకోలేని మాటను లోపల దాచుకుని బడికి వెళ్లే వయసుకు ఇంతకన్నా సూటి రూపకం నాకు ఇంకెక్కడా కనిపించలేదు. 1947లో గ్రహాంతర నౌక కూలిందన్న కథనంతో పేరుపడిన న్యూమెక్సికో పట్టణం రాస్వెల్‌నే కథాస్థలంగా ఎంచుకోవడం వల్ల, గ్రహాంతరవాసుల పేరుతో పర్యాటకులను ఆకర్షించే ఊరిలోనే నిజమైన గ్రహాంతరవాసులు బిక్కుబిక్కుమంటూ బతకడమనే వైరుధ్యం కూడా ఈ ధారావాహికకు దక్కింది. రెండో సీజన్‌లో సైన్స్ ఫిక్షన్ పాలు పెరిగాక పాత్రల అంతరంగం పలచబడిందని నా అభిప్రాయం. రద్దు ముప్పు వచ్చినప్పుడు అభిమానులు ఛానెల్‌కు టబాస్కో సీసాలు పంపారు. కథలోని గ్రహాంతరవాసులకు ఎంతో ఇష్టమైన ఆ కారపు సాస్‌నే తమ విన్నపంగా మార్చుకున్న ఆ ప్రేక్షకుల గురించి ఆదివారం ముందుగా మాట్లాడుకుందాం.