కేటలాగు రాసేవారికీ శిక్షణ కావాలి

సంపాదకులకు,

గ్రంథాలయ సిబ్బందికి శిక్షణ అంటే కౌంటరు పనే గుర్తొస్తుంది. లోపల కూర్చుని పుస్తకాలకు నంబర్లు వేసి, కేటలాగు రాసేవారిని ఎవరూ తలచుకోరు. అక్కడ తప్పు పడితే పుస్తకం బీరువాలో ఉన్నా లేనట్టే. మన నెల్లూరు తిక్కననే చూడండి: ఒక రికార్డులో 'తిక్కన', ఇంకోదాంట్లో 'తిక్కన సోమయాజి', మరోచోట 'సోమయాజి, తిక్కన'. ఒక పేరుతో వెతికితే మిగతావి తప్పిపోతాయి. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో కొట్టినవైతే యూనికోడ్‌లో వెతికినా దొరకవు. వాటిని మార్చాక వత్తులు, పొల్లులు కంటితో సరిచూడాల్సిందే.

నెల్లూరు, కావలి, ఒంగోలు సిబ్బంది నెలకో పూట కలవాలి. తలా ఐదు పుస్తకాలు తెచ్చి, ఎవరికి వారు డ్యూయీ నంబరు (పుస్తకం ఏ విషయానిదో చెప్పే వర్గ సంఖ్య) వేసి పోల్చుకోవాలి. తెలుగు కవిత్వానికి 894.8271, కథలు, నవలలకు 894.8273 అని అందరికీ తెలుసు. కవిత్వం మీద విమర్శ వ్యాసాలు వస్తేనే తలో నంబరు పడుతుంది. ఆ తేడా దగ్గరే అసలు పాఠం. రచయితల పేర్లు ఏ రూపంలో రాయాలో కూడా అక్కడే ఖరారు చేసి, ఉమ్మడి జాబితాలో ఎక్కించాలి. మధ్యలో సందేహాలకు వాట్సాప్ గ్రూపు చాలు. అయితే అట్ట ఫొటో పెడితే లాభం లేదు; లోపలి పేరు పేజీ, దాని వెనక పేజీ పెట్టాలి. ఎన్నో ముద్రణో సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఆ పూటను డ్యూటీగా లెక్కగట్టి, బస్సు ఛార్జీలు ఇప్పించాలని అధికారులను కోరుతున్నాం.

— కేటలాగు విభాగం ఉద్యోగులు, నెల్లూరు