కాంటా దగ్గర సంతకం ఆమెది, కోత మిల్లుది

సంపాదకులకు,

యాసంగి కోతలు మొదలైతే జిల్లా పేజీల్లో రెండు ఫోటోలు తప్పకుండా వస్తాయి. మొదటిది వడ్ల కొనుగోలు కేంద్రం రిబ్బన్ కత్తిరించే నాయకుడిది. వెనక వరసలో ఒకే రంగు చీరల్లో, ఆ కేంద్రాన్ని నడిపే పొదుపు సంఘం మహిళలు కనిపిస్తారు. నెల తిరిగాక రెండోది వస్తుంది, తడిసిన వడ్లు రోడ్డు మీద పోసి రైతులు చేసే ధర్నా. ఈ రెండింటి మధ్య ఆ కేంద్రాన్ని ఎవరు నడిపారు, రోజుకు ఎన్ని గంటలు నిలబడ్డారు, ఎవరి చేత మాట పడ్డారు అన్నది వార్త కావడం లేదు. నారాయణపేటలో మహిళా సమాఖ్య పెట్రోల్ బంకు పెట్టినప్పుడు అన్ని పేపర్లూ రాశాయి, మంచిదే. అంతకంటే పెద్ద పద్దు ఊరూరా కల్లాల్లో నడుస్తోంది.

2000లో పేదరిక నిర్మూలన కోసం పెట్టిన వెలుగు పథకం మొదటి విడతగా వచ్చిన ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పది పదిహేను మంది మహిళలు వారం వారం పొదుపు కట్టుకున్న సంఘాలు గ్రామ సమాఖ్యలయ్యాయి, మండల సమాఖ్యలయ్యాయి. ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కేంద్రాల పేరుతో వడ్ల కొనుగోలు ఆ గ్రామ సమాఖ్యల చేతికొచ్చింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఒక మోస్తరు ఊరి కేంద్రంలోనే సీజనుకు కోట్ల రూపాయల వడ్లు కాంటా ఎక్కుతాయి. క్వింటాలుకు ముప్పై రూపాయల పైచిలుకు కమీషన్ సమాఖ్యకు రావాలి. 20 వేల క్వింటాళ్లు కొన్న కేంద్రానికి అది ఆరు లక్షలు దాటుతుంది. ఆ డబ్బు సీజన్ ముగిసిన వెంటనే రాదు. కాపలా మనిషి కూలి, టెంటు, తాగునీళ్లు, కరెంటు ఖర్చులను సభ్యులు ముందు పొదుపులోంచి తీసి పెట్టి, తర్వాత ఎదురుచూస్తుంటారు.

పని ఎంత సూక్ష్మమో తెలియాలంటే తేమ చూసే చోట పది నిమిషాలు నిలబడితే చాలు. మద్దతు ధరకు తేమ 17 శాతం మించొద్దు. హార్వెస్టర్‌తో కోసి నేరుగా తెచ్చిన వడ్లు సాధారణంగా ఇరవై దాటే ఉంటాయి. కుప్ప పైన గుప్పెడు తీసి మీటర్లో పోస్తే 15 చూపిస్తుంది, అదే కుప్పలో మోచేతి లోతున తీస్తే 19 రావచ్చు. అందుకే నాలుగు మూలలా, నడుమ, లోపలి నుంచీ తీసి కలిపి చూడాలి. ఎండకు కాలిన గింజను వెంటనే పోస్తే అంకె తప్పుతుంది కాబట్టి కాసేపు నీడలో ఉంచాలి. మీటర్ బ్యాటరీ దిగినా అంకె నమ్మడానికి ఉండదు. తర్వాత తాలు (గింజ నిండని వడ్లు), మట్టి లెక్క. మట్టి, రాళ్లు 1 శాతం, గడ్డి చెత్త 1 శాతం, పండని ముడుచుకున్న గింజ 3 శాతం, రంగు మారినవి మొలకెత్తినవి పురుగు పట్టినవి కలిపి 5 శాతం దాకానే ఒప్పుకుంటారు. సన్నాలకు, అంటే సన్నబియ్యం వచ్చే వడ్లకు, క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చాక ఇంకో పని తోడైంది. పొట్టు తీసిన గింజను కాలిపర్‌తో కొలవాలి. పొడవు 6 మిల్లీమీటర్ల లోపుండాలి, పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 దాటాలి. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మహిళ ఈ లెక్క చేసి, ఎదురుగా నిలబడ్డ సొంత ఊరి రైతుకు ‘నీవి సన్నాలు కావు’ అని మొహం మీద చెప్పాలి. ఆ రైతు ఆమె మేనమామ కావొచ్చు, ఇంటిపక్క మనిషి కావొచ్చు. నాయకత్వం అంటే ఏమిటో శిక్షణ తరగతుల్లో చెప్పేవాళ్లు ఒకసారి ఆ కుర్చీలో కూర్చోవాలి.

కాంటా సంగతి మరీ ముఖ్యం. బస్తాకు 40 కిలోల వడ్లు. కొత్త గోనెసంచి బరువు 580 గ్రాములు, అంటే కాంటా మీద 40.580 చాలు. చాలా చోట్ల 41, 41.5 దాకా పోతోంది. ‘మిల్లు ఒప్పుకోదు’ అన్నదే కారణం. 41.5 తూస్తే బస్తాకు 920 గ్రాములు ఊరికే పోతాయి. వంద బస్తాలు అమ్మిన రైతుకు 92 కిలోలు, 2025-26 ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు రూ.2,389 లెక్కన దాదాపు 2,200 రూపాయలు. తిట్లు మాత్రం కాంటా దగ్గర నిలబడ్డ సంఘం మహిళకు.

అసలు కోత, అంటే మిల్లు తీసేసే తరుగు, లారీ కదిలాక మొదలవుతుంది. ఒక లారీలో 600 బస్తాలు పోతాయనుకుందాం, ఎనిమిది పది మంది రైతుల వడ్లు. మిల్లు నుంచి ఫోన్ వస్తుంది: తేమ ఉంది, తాలు ఉంది, బస్తాకు రెండు కిలోలు తీస్తాం, లేదంటే లారీ వాపస్. ఒప్పుకుంటే 12 క్వింటాళ్లు, అదే ధర లెక్కన 28 వేల రూపాయల పైన. తడి ఉన్నది ఒక్క రైతు వడ్లలోనే అయినా కోత అందరికీ పడుతుంది. ఒప్పుకోకపోతే లారీ మిల్లు గేటు ముందు రెండ్రోజులు నిలబడుతుంది, కిరాయి పెరుగుతుంది, కేంద్రంలో మిగతా వడ్లు ఎత్తడానికి లారీ దొరకదు, ఈలోపు గాలిదుమారం వస్తుంది. రైతు ఖాతాలో డబ్బు పడాలంటే లారీ వెంట పంపిన సరుకు వివరాల పత్రం, అంటే ట్రక్ షీటు చూసి, వడ్లు దిగినట్టు మిల్లు ఆన్‌లైన్లో ఒప్పుకోవాలి. తాళం చెవి అక్కడుంది. ట్రక్ షీటు మీద సంతకం పెట్టిన సమాఖ్య అధ్యక్షురాలి చేతిలో ఏమీ లేదు.

దీనికి పెద్ద జీవోలు అక్కర్లేదు. తూకం వేసేటప్పుడే ఒక్కో రైతు వడ్ల నుంచి అరకిలో చొప్పున మూడు నమూనాలు తీసి, గాలి చొరని ప్లాస్టిక్ కవర్లలో కట్టాలి. ఒకటి రైతుకు, ఒకటి కేంద్రానికి, ఒకటి లారీతో మిల్లుకు. కవర్ మీద లారీ నంబరు, తేమ అంకె, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సంతకం. కవర్ మూతి గట్టిగా కట్టకపోతే రెండ్రోజుల్లో తేమ మారి మొత్తం వృథా. బస్తాల మీద రైతు వరస నంబరు రంగుతో వేయాలి, సుద్దతో వేస్తే హమాలీల చేతుల్లోనే చెరిగిపోతుంది. లారీ మిల్లుకు పోయే ముందు, లారీని మొత్తంగా తూచే ధర్మకాంటా మీద తూచి, ఆ రసీదును ట్రక్ షీటుకు జతచేయాలి. కేంద్రం కాంటాను సీజన్ మొదట్లో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల రాయితో సరిచూడాలి. సమం లేని నేల మీద పెడితే ఎంత మంచి కాంటా అయినా తప్పే చెబుతుంది. ఇవన్నీ చేశాక కూడా మిల్లు కోత అడిగితే, ఆ రైతు బస్తాలను మాత్రమే పక్కకు తీసి, కేంద్రం కమిటీ నుంచి ఇద్దరు, ఏఈఓ మిల్లుకు పోయి చూడాలి. ఫోన్లో తరుగు ఒప్పుకోవడం ఆగాలి. ఈ మాట పౌరసరఫరాల శాఖ రాతపూర్వకంగా చెబితే చాలు.

సంఘాల్లో లోపాలు లేవని కాదు. కొన్ని కేంద్రాల్లో పేరు ఆమెది, కొనుగోలు వివరాలు ఎక్కించే ట్యాబ్ ఆమె భర్త చేతిలో ఉంటుంది. ఓటీపీ అడిగితే ఇంటికి ఫోన్ చేస్తారు. కమిటీలో ఐదుగురి పేర్లుంటే ఇద్దరే వస్తారు. పోయిన సీజన్ పద్దు గ్రామ సమాఖ్య సమావేశంలో చదవకుండానే కొత్త సీజన్ మొదలుపెట్టే చోట్లూ ఉన్నాయి. కమీషన్ ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది పంచాయతీ గోడ మీద రాయించనిదే ఇలాంటి సమాఖ్యలకు మళ్లీ కేంద్రం ఇవ్వొద్దు. మిర్యాలగూడ మిల్లర్‌ను లెక్క అడగాలంటే ముందు మన లెక్క బయటపెట్టాలి కదా.

చివరగా ఒక చిన్న విషయం. చిన్నదని కలెక్టరేట్ సమీక్షల్లో ఎవరూ ఎత్తరు. లారీ లోడింగ్ రాత్రి పదీ పదకొండు దాకా సాగుతుంది. కల్లం ఊరి బయట ఉంటుంది. చాలా కేంద్రాల్లో మరుగుదొడ్డి లేదు, ఒకే లైటు. పొద్దుటి నుంచి నీళ్లు తక్కువ తాగి నిలబడే మహిళలు మే నెల ఎండకు కళ్లు తిరిగి పడిపోతే దాన్ని వడదెబ్బ అని రాస్తున్నారు. వచ్చే వానాకాలం కేంద్రాల జాబితా తయారుచేసేటప్పుడు టార్పాలిన్లు, గోనెసంచులు, తేమ మీటర్ల పక్కన మరుగుదొడ్డికి ఒక గడి పెట్టండి. అది ఖాళీగా ఉన్న చోట కేంద్రం తెరవకండి.

ఇట్లు,
గ్రామ సమాఖ్య లెక్కలు చూసే ఒక పాఠకురాలు,
నల్లగొండ జిల్లా