టెన్నిస్ స్కోరు పక్కన బ్రేకులు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

క్రీడల పేజీలో టెన్నిస్ వార్త వచ్చినప్పుడల్లా కింద 6-4, 3-6, 7-5 అని అంకెలు, పైన ‘చిత్తు’, ‘అలవోకగా’, ‘చెమటోడ్చి’ అన్న మాటలు ఉంటున్నాయి. ఆటను కొత్తగా చూస్తున్న పాఠకుడికి ఆ అంకెలు అర్థం కావు. ఆ మాటలేమో కోర్టులో జరిగింది చెప్పవు. మొదట ఎవరు సర్వీస్ చేశారు, ఎవరి సర్వీస్ ఎన్నిసార్లు బ్రేక్ అయింది అన్న రెండు ముక్కలు స్కోరు పక్కన వేయమని నా విన్నపం. ఒక్క వాక్యం చోటు సరిపోతుంది.

టెన్నిస్‌లో కొన్ని గేములు కలిస్తే ఒక సెట్. ఒక గేమ్ అంతా ఒకరే సర్వీస్ చేస్తారు, అంటే ప్రతి పాయింట్‌లో మొదటి బంతి వాళ్లే కొడతారు. తర్వాతి గేమ్ ఎదుటివారిది. సర్వీస్ చేసేవాళ్లకే పైచేయి కాబట్టి తమ గేమ్ తాము నిలబెట్టుకోవడంలో విశేషం లేదు. పోగొట్టుకుంటేనే సెట్ మలుపు తిరుగుతుంది. అదే బ్రేక్. ఈ లెక్కతో చూస్తే 6-4 అంటే పది గేములు, చెరి ఐదు సర్వీసులు. మధ్యలో ఇద్దరూ ఒకరిదొకరు ఎన్నిసార్లు బ్రేక్ చేసుకున్నా చివరికి తేలిన బ్రేకుల తేడా ఒకటి. 7-5 కూడా అంతే. 6-2లో తేడా రెండు, 6-0లో మూడు.

6-3 దగ్గరే చిక్కు. గెలిచినవాళ్లే ముందు సర్వీస్ చేసి ఉంటే వాళ్లకు ఐదు సర్వీస్ గేములు, ఎదుటివారికి నాలుగు. ఒక్క బ్రేక్‌తో సెట్ అయిపోతుంది, అంటే 6-4కూ దీనికీ తేడా లేనట్టే. రెండోవారుగా సర్వీస్ చేసి 6-3తో గెలిచారంటే మాత్రం బ్రేకుల తేడా రెండు, అది గట్టి గెలుపు. మొదటి సర్వీస్ ఎవరిదో వేయమనడం ఇందుకే. అది తెలియకుండా 6-3 చూసి తేలిక గెలుపు అనుకోవడం సరికాదు.

ఇక 7-6 (4) అన్నచోట బ్రాకెట్‌లోది టై బ్రేక్‌లో, అంటే 6-6 దగ్గర సెట్ తేల్చే గేమ్‌లో, ఓడినవారి పాయింట్లు. టై బ్రేక్ గెలవాలంటే ఏడు పాయింట్లు రావాలి, రెండు పాయింట్ల ఆధిక్యం ఉండాలి. కాబట్టి (4) అంటే 7-4, (8) అంటే 10-8. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ 2022 నుంచి చివరి సెట్‌లో మాత్రం 6-6 దగ్గర పది పాయింట్ల టై బ్రేక్ ఆడుతున్నారు. రెండు సెట్లూ 7-6తో ముగిసిన ఆటకు ‘వరుస సెట్లలో చిత్తు’ అని శీర్షిక పెడితే ఓడినవారికి అన్యాయం చేసినట్టే. అక్కడ బ్రేకుల లెక్క సమానం, తేడా నాలుగైదు పాయింట్లలో ఉంటుంది.

2019 వింబుల్డన్ పురుషుల ఫైనల్ చూడండి. జకోవిచ్ 7-6, 1-6, 7-6, 4-6, 13-12తో ఫెదరర్‌ను ఓడించాడు (అప్పట్లో చివరి సెట్ నిబంధన వేరు). మొత్తం పాయింట్లు ఫెదరర్‌కు 218, జకోవిచ్‌కు 204. బ్రేకులు ఫెదరర్‌కు ఏడు, జకోవిచ్‌కు మూడే. చివరి సెట్‌లో 8-7 మీద ఫెదరర్ సర్వీస్‌లో 40-15 (గేమ్‌లో పాయింట్లను 15, 30, 40 అని లెక్కిస్తారు), చేతిలో రెండు చాంపియన్‌షిప్ పాయింట్లు, అంటే ఏ ఒక్కటి గెలిచినా టైటిల్ అతనిదే. అక్కడ జకోవిచ్ బ్రేక్ చేశాడు. గెలిచిన మూడు సెట్లూ టై బ్రేక్‌లోనే గెలిచాడు. ఎన్ని పాయింట్లు గెలిచారన్నది కాదు, ఏ పాయింట్లు గెలిచారన్నదే టెన్నిస్. అది పాఠకుడికి అందాలంటే ‘హోరాహోరీ’ అన్న మాట చాలదు.

టీవీలో చూసేవారికి కూడా ఇదే దారి. పేరు పక్కన చిన్న చుక్కో బంతి బొమ్మో ఉన్నవారిది సర్వీస్. అంపైర్ ఎప్పుడూ సర్వీస్ చేసేవారి పాయింట్లే ముందు చెబుతారు కాబట్టి 15-40 వినిపిస్తే ఎదుటివారికి రెండు బ్రేక్ పాయింట్లు, అంటే బ్రేక్ చేసే రెండు అవకాశాలు, వచ్చినట్టు. 15-30, 30-30 దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టండి, అసలు ఒత్తిడి అక్కడే మొదలవుతుంది. ప్రతి పాయింట్‌కూ ఉండే రెండు సర్వీస్ అవకాశాల్లో మొదటిది తప్పిపోయినప్పుడు రిటర్న్ చేసేవారి కాళ్లు గమనించండి. ఒకటి రెండు అడుగులు ముందుకు జరిగారంటే రెండో సర్వీస్ మీద దాడికి సిద్ధపడ్డారన్నమాట. అగ్రశ్రేణి పురుషుల ఆటలో మొదటి సర్వీస్ పడితే నూటికి 70కి పైగా పాయింట్లు సర్వీస్ చేసినవారివే. రెండో సర్వీస్‌కు వచ్చేసరికి అది సుమారు సగానికి పడిపోతుంది. మట్టి కోర్టు మీద బంతి నెమ్మదించి ఎత్తుగా లేస్తుంది కాబట్టి బ్రేకులు ఎక్కువ. పచ్చిక మీద బంతి కిందగా జారిపోతుంది, ఒక్క బ్రేక్‌తోనే సెట్ చేజారవచ్చు.

నేర్చుకునేవారి సంగతీ రాయాలి. గ్రాండ్‌స్లామ్ రోజుల్లో పిల్లలను కోర్టుకు తీసుకెళ్లే తల్లిదండ్రులు చాలామంది పెద్దలు ఆడే మామూలు పసుపు బంతితో, 78 అడుగుల పూర్తి కోర్టులో మొదలుపెట్టిస్తారు. ఏడేళ్ల పిల్లకు ఆ బంతి భుజం దాటి లేస్తుంది. దాన్ని అందుకోవడానికి అరచేయి రాకెట్ పిడి అడుగు వైపుకు తిరుగుతుంది. ఆ పట్టు అలవాటైతే మాన్పించడానికి నెలలు పడుతుంది. మామూలు బంతి కన్నా సుమారు 75 శాతం నెమ్మదైన ఎర్ర బంతి, 36 అడుగుల కోర్టుతో మొదలుపెట్టాలి. తర్వాత 50 శాతం నెమ్మదైన నారింజ బంతితో 60 అడుగుల కోర్టు, ఆపైన 25 శాతం నెమ్మదైన ఆకుపచ్చ బంతితో పూర్తి కోర్టు. 2012 నుంచి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిబంధనల ప్రకారం పదేళ్లలోపు పిల్లల పోటీల్లో పసుపు బంతి వాడకూడదు. పెద్దవాళ్లు కూడా మొదటి నెల ఆకుపచ్చ బంతితో ఆడితే ర్యాలీ, అంటే బంతిని ఆగకుండా అటూ ఇటూ కొట్టడం, త్వరగా పట్టుబడుతుంది. పెద్దల రాకెట్ పొడవు 27 అంగుళాలు. కొత్తవారు గట్టి పాలియెస్టర్ తీగలు వేయించుకోవద్దు. బంతిని ఆలస్యంగా తాకే చేతికి ఆ తీగల అదురంతా మోచేతికి పాకుతుంది.

కొత్తవారిని ఎక్కువగా ఏడిపించేది సర్వీసే. ఫోర్‌హ్యాండ్ (అరచేయి ముందుకు ఉండేలా కొట్టే దెబ్బ) పట్టుతోనే సర్వీస్ చేస్తే బంతికి స్పిన్ రాదు, రెండో సర్వీస్ ఉత్త తోపుడుగా మిగిలిపోతుంది. సుత్తి పట్టుకున్నట్టు, రాకెట్ అంచు నేలకేసి ఉండేలా పట్టుకోవాలి. బంతిని వేళ్ల కొసలతో పట్టి, చేయి వంచకుండా ఎత్తి, కంటి ఎత్తు దాటుతుండగా వదలాలి. సరిగా పడిందో లేదో తెలియాలంటే కొట్టకుండా కింద పడనివ్వండి. బేస్‌లైన్‌కు (కోర్టు చివరి గీతకు) అడుగు దూరంలో, కోర్టు లోపల పడాలి. ఎత్తిన బంతి తల వెనక్కి పడుతుంటే సర్వీస్ గీత దాటిపోతుంది, మరీ ముందుకు పడుతుంటే నెట్‌కు తగులుతుంది. మొదటి వారం నెట్‌కు 21 అడుగుల దూరంలోని సర్వీస్ గీత దగ్గరే నిలబడి కొట్టాలి. పదింటికి ఏడు ఎదుటి సర్వీస్ పెట్టెలో (సర్వీస్ పడాల్సిన గడిలో) పడుతున్నప్పుడే రెండేసి అడుగులు వెనక్కి జరగాలి.

పట్టు సంగతి ఎంత రాసినా మాటల్లో పూర్తిగా అందదు. వచ్చే గ్రాండ్‌స్లామ్ వారంలో విజేత ట్రోఫీ ముద్దాడే ఫొటోతో పాటు, సర్వీస్ పట్టును దగ్గరగా చూపే ఫొటో ఒకటి, చూపుడు వేలి మొదట్లోని కణుపు పిడి మీద ఎక్కడుందో కనిపించేలా వేయండి.

ఇట్లు,
ఒక టెన్నిస్ శిక్షకుడు